బాక్సు ముందు వైపు ఎవరు నిలబడాలి?

2013 మార్చి 26న బయోషాక్ ఇన్ఫినిట్ అనే వీడియో గేమ్ వచ్చింది. దాని అట్ట మీద ఒకే ఒక్క మనిషి ఉంటాడు. బుకర్ డెవిట్, భుజాన తుపాకి, వెనక మండుతున్న అమెరికా జెండా. తీరా గేమ్ మొదలుపెట్టాక ఆ ముఖం మనకు దాదాపు కనిపించనే కనిపించదు. ఫస్ట్ పర్సన్ గేమ్ కాబట్టి బుకర్ కళ్ళతోనే లోకాన్ని చూస్తాం, కనిపించేది అతని చేతులు మాత్రమే. ఆటంతా కళ్ళ ముందు తిరిగేది ఎలిజబెత్. తూటాలు అయిపోతే వెతికి మన చేతికి విసిరేది ఆమె, కథ చిక్కుముడి ఉన్నదీ ఆమె దగ్గరే. ఆమె బొమ్మ మాత్రం అట్ట వెనక్కి పోయింది.

ఎందుకిలా అని అడిగితే గేమ్ రూపకర్త కెన్ లెవిన్ దాచకుండానే చెప్పారు. యూనివర్సిటీల్లో కుర్రాళ్ళు ఉండే ఫ్రాటర్నిటీ ఇళ్ళకు వెళ్ళి, బయోషాక్ పేరు ఎప్పుడైనా విన్నారా అని అడిగారట. వాళ్ళు వినలేదు. అభిమానులు ఎలాగూ కొంటారు, షాపులో అట్ట చూసి చెయ్యి చాచాల్సింది ఈ కుర్రాళ్ళు, కాబట్టి అట్ట వాళ్ళ కోసం వేశాం అన్నారు. గొడవ పెరిగాక, తిరగేసి పెట్టుకోడానికి అట్ట లోపలి వైపు ఇంకో బొమ్మ అచ్చు వేస్తామని, అదేదో ఓటేసి చెప్పమని అభిమానులకే వదిలారు. ఎలిజబెత్ మనం ఆడించే పాత్ర కాదు కాబట్టి ఈ ఉదాహరణను మరీ సాగదీయకూడదు. కానీ ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన పూర్తిగా బయటపడింది ఇక్కడే.

అదే ఏడాది జూన్‌లో ది లాస్ట్ ఆఫ్ అస్ వచ్చింది. దాని అట్ట మీద పద్నాలుగేళ్ళ ఎల్లీ ముందుంది, జోయెల్ వెనక ఉన్నాడు. ఎల్లీని వెనక్కి జరపమని తమను అడిగారని, ఒప్పుకోలేదని ఆ గేమ్ చేసిన నాటీ డాగ్ స్టూడియో వాళ్ళు అప్పట్లోనే చెప్పారు. దానికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి బయటపెట్టారు. గేమ్‌ను కొంతమందికి చూపించి అభిప్రాయం తీసుకునే ఫోకస్ టెస్టుకు ఆడవాళ్ళను పిలవాలన్న ఆలోచనే ఆ టెస్టు చేసేవాళ్ళకు లేదు. స్టూడియో ప్రత్యేకంగా అడిగి పిలిపించాల్సి వచ్చింది. గేమ్ మూడు వారాల్లో 34 లక్షల కాపీలు అమ్ముడైంది.

గేములో ముఖ్యపాత్ర ఆడమనిషైతే ప్రచారం ఆమెతోనే మొదలవ్వాలి. అట్ట మీద, ట్రెయిలర్ మొదటి క్షణాల్లో, స్టోర్‌లో కనిపించే చిన్న బొమ్మలో ఆమే ఉండాలి. లోపల ఉన్న సరుకేమిటో బయట చెప్పడమే కదా ప్రచారం పని! దీనికి ఎదురుగా ఇన్నేళ్ళుగా నిలబెట్టిన మాట ఒక్కటే, "ఆడ పాత్రతో అమ్ముడుపోదు" అని. ఆ మాటకు చూపించే రుజువు ఎంత బోలుగా ఉందో చూద్దాం.

అమెరికాలో గేమ్ మార్కెట్ లెక్కలు కట్టే ఈడార్ అనే సంస్థ అంకెలు 2012లో బయటికొచ్చాయి. హీరో ఆడో మగో తెలిసే గేములు 669 తీసుకుంటే, వాటిలో కేవలం ఆడ పాత్రతోనే ఆడాల్సినవి 24. మగ పాత్ర ఉన్నవే ఎక్కువ అమ్ముడయ్యాయి. పబ్లిషర్లు, అంటే గేములకు డబ్బు పెట్టి అమ్మే కంపెనీలు, పట్టుకుని వేలాడేది ఈ ముక్కనే. కానీ అదే లెక్కలో పక్కనే ఇంకో అంకె ఉంది. మగ హీరో ఉన్న గేమ్ ప్రచారానికి సగటున పెట్టిన ఖర్చులో ఈ 24లో ఒక్కో గేముకు దక్కింది 40 శాతం. అక్కడ పది రూపాయలు పెడితే ఇక్కడ నాలుగు. డబ్బు పెట్టరు కాబట్టి అమ్ముడుపోవు, అమ్ముడుపోవు కాబట్టి డబ్బు పెట్టరు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఇంత అచ్చంగా సరిపోయే వ్యాపారం ఇంకొకటి లేదు. పైగా 24 అనేది ఎంత చిన్న గుంపు! అందులో రెండు గేములు బాగోకపోయినా సగటు కిందికి జారిపోతుంది. ఆ జారుడు గేముది, పాత్రది కాదు.

"అమ్ముడుపోలేదు" అనే తీర్పు ఎలా ఇస్తారో కూడా చూడాలి. 2013 మార్చిలో లారా క్రాఫ్ట్‌ను కొత్తగా మలిచిన టూంబ్ రైడర్ వచ్చింది. నాలుగు వారాల్లో దాదాపు 34 లక్షల కాపీలు పోయాయి. పబ్లిషర్ స్క్వేర్ ఎనిక్స్ మాత్రం అనుకున్నంత రాలేదని ప్రకటించింది. అదే ప్రకటనలో అనుకున్నంత రానివి ఇంకో రెండున్నాయి, హిట్‌మన్ అబ్సల్యూషన్, స్లీపింగ్ డాగ్స్. రెండింటిలోనూ మగ హీరోలే. హిట్‌మన్ గురి తప్పింది కాబట్టి మగ పాత్రతో గేములు అమ్ముడుపోవని ఎవరూ అనలేదు. అంచనాలు మరీ ఎక్కువ వేసుకున్నారని అన్నారు. మగ హీరో గేమ్ తప్పితే తప్పు బడ్జెట్‌ది, విడుదల తేదీది, డిజైన్‌ది. ఆడ హీరో గేమ్ తప్పితే తప్పు ఆమెది. ఈ తూకం సరిచేయకుండా ఏ లెక్క చూపించినా నమ్మలేం. ఆ టూంబ్ రైడర్ తర్వాతి ఏళ్ళలో కోటి కాపీలు దాటింది.

ఈ నమ్మకం గేమ్ పుట్టకముందే దాన్ని పట్టుకుంటుంది. పారిస్‌లోని డోంట్‌నాడ్ స్టూడియో 2013లో రిమెంబర్ మీ చేసినప్పుడు, నాయిక నీలిన్ కాబట్టి వద్దన్న పబ్లిషర్లు ఉన్నారని దాని దర్శకుడు చెప్పాడు. నీలిన్ ఒక మగవాడిని ముద్దు పెట్టుకుంటే, ఆడే కుర్రాడికి ఇబ్బందిగా ఉంటుందట! అదే స్టూడియో 2015లో లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ తెచ్చింది. ఇద్దరు అమ్మాయిల స్నేహం చుట్టూ తిరిగే కథ. ముఖ్యపాత్రను అబ్బాయిగా మార్చమని అడగని పబ్లిషర్ స్క్వేర్ ఎనిక్స్ ఒక్కటేనని స్టూడియో వాళ్ళు చెప్పారు. 2017 నాటికి దాన్ని 30 లక్షల మంది ఆడారు. మిగతా పబ్లిషర్ల మాట విని ఉంటే ఆ కథ ఆ రూపంలో ఉండేదే కాదు.

"జనమే మగ పాత్రను ఎంచుకుంటున్నారు కదా" అనేది రెండో వాదన. దీనికి మాస్ ఎఫెక్ట్‌ను చూపిస్తారు. అందులో కమాండర్ షెపర్డ్‌ను మగ మనిషిగానైనా ఆడమనిషిగానైనా ఆడొచ్చు. 2011లో ఆ గేమ్ చేసిన బయోవేర్ సంస్థ చెప్పిన ప్రకారం ఆడ షెపర్డ్‌తో ఆడినవాళ్ళు 18 శాతం. బాగానే ఉంది, మరి ఆ 18 శాతం ఎలా వచ్చింది? మొదటి రెండు గేముల అట్టల మీదా ట్రెయిలర్లలోనూ ఉన్నది మగ షెపర్డే. గేమ్ తెరవగానే సిద్ధంగా ఎదురొచ్చేదీ అతనే. ఆడ షెపర్డ్‌కు ట్రెయిలర్ దక్కింది మూడో గేముకు, తిరగేసే అట్ట వెనక చోటు దొరికిందీ అప్పుడే. 2021లో మూడు గేములూ కలిపి మళ్ళీ విడుదల చేశాక బయోవేర్ ఇచ్చిన లెక్కలో ఆమె వాటా 32 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ప్రచారం వల్లే పెరిగిందని నేను అనను, 2021లో కొన్నవాళ్ళలో పాత అభిమానులు ఎక్కువ ఉంటారు. కానీ ఒక్క పోస్టర్ కూడా లేకుండా నూటికి పద్దెనిమిది మంది వెతుక్కుని ఆమెను ఎంచుకున్నారంటే అది తక్కువ గిరాకీ కాదు. ముందే వడ్డించిన విస్తరి ఒకటి, వంటింట్లోకి వెళ్ళి వడ్డించుకోవాల్సిన విస్తరి ఇంకొకటి పెట్టి, జనానికి ఏది ఇష్టమో తేలిపోయిందంటే ఎలా?

అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 2018లో వచ్చిన ఆ గేములో కసాండ్రా, అలెక్సియోస్ అక్కాతమ్ముళ్ళు, ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. మొదట అనుకున్నది కసాండ్రా ఒక్కతే నాయికగా. ఆడవాళ్ళు అమ్ముడుపోరని ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్‌లో పైనుంచి మాట వచ్చి అలెక్సియోస్‌ను చేర్చారని 2020లో బ్లూమ్‌బర్గ్ కథనం బయటపెట్టింది. అట్ట మీద నిలబడింది అలెక్సియోస్. ఆ గేమ్ మీద వచ్చిన నవలలో మాత్రం నాయిక కసాండ్రాయే. తర్వాత అదే వరసలో వచ్చిన వాల్‌హాలా గేముకు కథ కలిపినప్పుడు కూడా ఆమెనే తెచ్చారు. అంటే కంపెనీ దృష్టిలో కూడా అసలు కథ ఆమెదే. అమ్మేటప్పుడే ఆమె పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

డబ్బు పెట్టి, అట్ట మీద ఒక్కదాన్నే నిలబెడితే ఏమవుతుందో హొరైజన్ జీరో డాన్ చూపించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని గెరిల్లా గేమ్స్ అంతకుముందు చేసినవి కిల్‌జోన్ పేరుతో మగ సైనికుల యుద్ధాలు. ఆడ పాత్ర గురించి ఆ గేమ్ పబ్లిషర్ సోనీలోనూ భయపడ్డారు, ఫోకస్ టెస్టులు పెట్టుకుని చూశారు. కానీ చూశాక వెనక్కి తగ్గలేదు. 2015 ఈ3 ప్రదర్శనలో గేమ్‌ను మొదటిసారి చూపించినప్పటి నుంచి అన్నిచోట్లా నాయిక ఏలోయ్‌నే. 2017 ఫిబ్రవరి చివర విడుదలైతే రెండు వారాల్లో 26 లక్షలు, ఏడాదిలో 76 లక్షలు, 2021కి రెండు కోట్లు. ఆ ప్రచారంలో ఏలోయ్ ఏం చేస్తుందో గమనించండి. విల్లు ఎక్కుపెడుతుంది, గడ్డిలో దాక్కుంటుంది, తనకు పదింతలున్న యంత్రం ఒంట్లో బలహీనమైన చోటు చూసి కొడుతుంది. చూసేవాడికి తను ఆడబోయే ఆటేమిటో ఆమె చేతుల్లోనే కనిపిస్తుంది.

ఆడ పాత్రను ముందు పెట్టి చెడగొట్టడం కూడా సులువే. 1996 నాటి లారా క్రాఫ్ట్‌ను సృష్టించింది డెర్బీలోని కోర్ డిజైన్‌లో పనిచేసిన టోబీ గార్డ్. లారాను ఒక సాహసిగా కాక ఒంటి కొలతలుగా అమ్మడం మొదలయ్యాక ఆయన 1997లోనే ఆ సంస్థ వదిలి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడానికి ఈ ప్రచారం ఒక కారణం. 2012లో కొత్త లారాను పరిచయం చేసేటప్పుడు ఇంకో రకం తప్పు జరిగింది. ఆటగాళ్ళకు ఆమెను కాపాడాలనిపిస్తుందని నిర్మాత ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. జనం మండిపడ్డారు, న్యాయంగానే. నేను ఆడించే మనిషిని నేను కాపాడటం ఏమిటి? నేనే ఆమెను కదా! మాస్ ఎఫెక్ట్ వాళ్ళు కూడా 2011లో ఆడ షెపర్డ్ ముఖం ఎలా ఉండాలో ఫేస్‌బుక్‌లో ఓటింగ్ పెట్టి అందాల పోటీ చేశారని తిట్లు తిన్నారు. బంగారు రంగు జుట్టు బొమ్మ గెలిచింది, గొడవయ్యాక జుట్టు రంగుకు మళ్ళీ ఓటింగ్ పెట్టారు, ఎరుపు గెలిచింది. మగ షెపర్డ్ జుట్టుకు ఎవరూ ఓటేయలేదు.

ఇక పనిలోకి వద్దాం. చిన్న స్టూడియోల్లో ఈ నిర్ణయం తీసుకునేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది టెస్టు దగ్గర. "రెండు బొమ్మలూ పెట్టి చూశాం, మగ బొమ్మకే క్లిక్కులు వచ్చాయి" అంటారు. ఏం పెట్టి చూశారు? మగ బొమ్మలో నిప్పు, కత్తి, మీదికి దూకుతున్న ఒళ్ళు. ఆడ బొమ్మలో నిలబడి పక్కకు చూస్తున్న ముఖం. అక్కడ గెలిచింది కత్తి. భంగిమ, ఆయుధం, వెనక రంగు, అక్షరాల చోటు అన్నీ ఒకటే ఉంచి మనిషిని మాత్రమే మార్చాలి. అది రెండు రోజుల ఆర్ట్ పని, దాన్ని తప్పించుకుని తేల్చిన ఫలితానికి విలువ లేదు.

తర్వాత, ఎంతమంది చూశారు? గూగుల్ ప్లేలో ఉన్న స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్‌తో ఇప్పుడున్న పేజీకి పోటీగా మూడు రకాల దాకా పెట్టొచ్చు. పేజీకి వచ్చిన నూరు మందిలో నలుగురు ఇన్‌స్టాల్ చేసుకుంటున్నారనుకోండి. అది 4 నుంచి 4.8కి పెరిగిందని మామూలు గణాంక ప్రమాణాలతో నమ్మాలంటే ఒక్కో బొమ్మను పదివేల మంది దాకా చూడాలి. 4 నుంచి 4.4 అయితే దాదాపు నలభై వేల మంది. రెండేసి వేల మందికి చూపించి ఒకదానికి 92, ఇంకోదానికి 80 ఇన్‌స్టాళ్ళు వచ్చాయంటే దానికి అర్థమేమీ లేదు, ఒకే బొమ్మను రెండుసార్లు పెట్టినా అంత తేడా వస్తుంది. వారం తక్కువ కాకుండా నడపాలి, ఎందుకంటే ఆదివారం వచ్చే జనం వేరు, మంగళవారం వచ్చే జనం వేరు. సోషల్ మీడియా యాడ్స్‌తో పరీక్షించేవాళ్ళు రెండు బొమ్మలనూ ఒకే బడ్జెట్ కింద పడేస్తే, మొదటి గంటల్లో ఏది ముందుంటే సిస్టమ్ డబ్బంతా అటే తోసేస్తుంది. రెండింటికీ విడివిడిగా సమానమైన బడ్జెట్ కట్టేయాలి. అంతకంటే ముందు, ఆ యాడ్ ఎవరికి చూపిస్తున్నారో చూసుకోవాలి. 18 నుంచి 24 ఏళ్ళ మగపిల్లలకే చూపించి మగపిల్లలకే నచ్చిందని రిపోర్టు రాయడం ఫ్రాటర్నిటీ ఇంటికి వెళ్ళి అడగడం లాంటిదే.

క్లిక్కుల దగ్గర ఆగడం కూడా తప్పే. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అట్ట మీద ఒకరిని చూపించి లోపల ఇంకొకరిని ఇస్తే ఆ బేరం ఎక్కువసేపు నిలవదు. బొమ్మవారీగా ఇన్‌స్టాళ్ళతో పాటు ఏడో రోజుకు ఎంతమంది మిగిలారో లెక్క పెట్టాలి.

స్టీమ్ పేజీకి హెడర్ బొమ్మ 920×430 పిక్సెళ్ళలో ఇస్తాం, జాబితాల్లో కనిపించే చిన్న బొమ్మ, అంటే చిన్న క్యాప్సూల్, 462×174లో. సెర్చ్ జాబితాలోకి వచ్చేసరికి అది 120×45కి కుంచించుకుపోతుంది, వేలి గోరంత. ఆ సైజులో ముఖం ఒక మచ్చ. మిగిలేది ఒంటి ఆకారం, జుట్టు రంగు, చేతిలో వస్తువు. ఏలోయ్ ఎర్ర జడలు, భుజం మీది విల్లు ఆ సైజులోనూ పోల్చుకోవచ్చు. అందంగా చెక్కిన కళ్ళూ పెదాలూ మాయమైపోతాయి. ఆడ పాత్ర బొమ్మను ముఖంతోనే నింపేసి, అది చిన్నదయ్యాక జనం పట్టించుకోలేదంటే ఆ లోపం బొమ్మ కూర్పుది. ట్రెయిలర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఫోన్‌లో యాడ్‌ను ఐదు సెకన్లకే దాటేస్తారు, చాలాసార్లు సౌండ్ ఉండదు. లోగోలు మూడు సెకన్లు తినేస్తే ఆమెకు మిగిలేది రెండు. మొదటి షాట్‌లోనే ఆమె ఆటలో చేసే పని చేస్తూ కనిపించాలి. 2023 డిసెంబరులో వచ్చిన జీటీఏ 6 మొదటి ట్రెయిలర్ లూసియాతో, జైల్లో ఆమె జవాబుతో మొదలవుతుంది. అంతకుముందు జీటీఏ గేములో ముఖ్యపాత్రలు ముగ్గురూ మగవాళ్ళే. దాని తర్వాత వచ్చిన ఈ ట్రెయిలర్‌ను ఒక్క రోజులో తొమ్మిది కోట్లసార్లకు పైగా చూశారు.

అన్ని గేముల మీదా ఆడవాళ్ళను పెట్టమని నేను అనడం లేదు. తండ్రీ కొడుకుల కథైతే అట్ట మీద తండ్రీ కొడుకులే ఉండాలి. లోపల ఆడించడానికి ఒక్క ఆడ పాత్ర లేకుండా అట్ట మీద మాత్రం అమ్మాయిని నిలబెడితే అది మోసం. ఎంపిక ఉన్న గేముకైతే ఇద్దరినీ సమానంగా చూపించాలి. రెండు ట్రెయిలర్లు తీసే డబ్బు లేకపోతే ఒకే ట్రెయిలర్‌లో సగం సగం పంచాలి.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ పుణెలోని నోడింగ్ హెడ్స్ చేసిన రాజీ. 2020 ఆగస్టులో వచ్చింది. తమ్ముడు గోలూను వెతుక్కుంటూ త్రిశూలం పట్టుకుని బయల్దేరే అమ్మాయి కథ. ఆమెను దాచాలని వాళ్ళు ఎక్కడా చూడలేదు, పేరే ఆమెది. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ తొలి గేమ్ విభాగానికి నామినేట్ అయింది.

తెలుగులో గేమ్ పేజీ రాసేవాళ్ళకు ఇందులో ప్రత్యేకంగా ఒక పని ఉంది. మొదటి చిక్కు పేరు దగ్గరే. మనకు "హీరోయిన్" అనగానే హీరో పక్కన ఉండే అమ్మాయి గుర్తొస్తుంది. కథ మోసేది ఆమే అయితే దాన్ని "లేడీ ఓరియెంటెడ్" అని విడిగా పిలుస్తాం, అదేదో వేరే జాతి సరుకైనట్టు. గేమ్ గురించి రాసేటప్పుడు ఈ రెండు మాటలూ వద్దు. ఆమె పేరు రాయండి, ఆమె చేసే పని రాయండి. రెండోది క్రియ. 1986 నాటి మెట్రాయిడ్ గేమ్ ఇంగ్లీషు మాన్యువల్ దాని నాయిక సామస్‌ను "అతను" అనే చెప్పింది, గేమ్‌ను త్వరగా గెలిస్తే కవచం తీశాకే ఆమె అని తెలుస్తుంది. తెలుగులో ఆ తేడా క్రియలోనే ఉంది, "వేటాడాడు" అంటే మగ, "వేటాడింది" అంటే ఆడ, "వేటాడారు" అని మర్యాదగా అంటే తప్ప దాచడం కుదరదు. కానీ ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన భాష ఆడా మగా తేడా చూపించదు. హిందీలో "కర్తే హో, కర్తీ హో" అని విడిపోతుంది. తెలుగులో "వేటాడతావు" ఇద్దరికీ ఒకటే. ఇంత సదుపాయం చేతిలో ఉంచుకుని, తెలుగు గేమ్ యాడ్స్‌లో "రా మామా", "మొనగాడివైతే ఆడు" అని రాసి సగం మందిని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారు. "విల్లు నీ చేతిలో ఉంది. యంత్రం మెడ కింద చూసి కొట్టు" అని రాస్తే చాలు, పక్కన ఆమె బొమ్మ, కింద డౌన్‌లోడ్ బటన్.